పరలోకానికి మనం వెళ్లడం కాదు, అదే దిగివస్తుంది

కిందటి నెల విశాఖలో ఒక ఇంట్లో ఆదరణ కూడికకు వెళ్లాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, పెద్దాయన ఫొటో, పక్కన ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఇంటివాళ్లు వేయించిన మాట. వాక్యం చెప్పడానికి వచ్చిన పాస్టర్ గారు మాత్రం పావుగంట పాటు నరకం గురించే చెప్పారు. పోయినాయన బాప్తిస్మం తీసుకోలేదని అక్కడున్న అందరికీ తెలుసు. భోజనాల దగ్గర ఆయన మనవరాలు, తొమ్మిదేళ్లుంటాయేమో, పప్పన్నం కలుపుకుంటూ అడిగింది: “తాతయ్య కాలుతున్నాడా అమ్మా?” వాళ్లమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తల్లికి జవాబు దొరక్కపోవడానికి కారణం మనమే. పుల్పిట్ మీద నుంచి మనం వినిపిస్తున్న నరకం వేరు, బైబిల్లో ఉన్నది వేరు. పరలోకం విషయంలో అయితే ఇంకా పెద్ద పొరపాటు చేస్తున్నాం, ఏకంగా దిక్కే మార్చేశాం.

ముందు నరకం సంగతి. ఆ మాట వినగానే తెలుగువాడి కళ్ల ముందు యముడి కొలువు కదులుతుంది. సలసల కాగే నూనె, కొరడాలు, చిత్రగుప్తుడి చిట్టా. క్రైస్తవులమైనా మనం ఆ బొమ్మలోంచి బయటికి రాలేదు, యముడి స్థానంలో సాతానుని కూర్చోబెట్టుకున్నామంతే. లేఖనంలో సాతాను నరకానికి అధికారి కాడు. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో అతన్నే అగ్నిగుండంలో పడేస్తారు. పాత నిబంధనలో అయితే ఎక్కువగా వినిపించే మాట ‘షెయోల్’. మన బైబిల్లో దాన్ని చాలాచోట్ల పాతాళం అన్నారు. మంచివాడూ చెడ్డవాడూ అందరూ చేరే చీకటిచోటు అది. చచ్చినవారు ఏమీ ఎరుగరని ప్రసంగి 9వ అధ్యాయం తేల్చి చెప్పేస్తుంది. మృతులు లేస్తారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు అన్న మాట స్పష్టంగా వినాలంటే దానియేలు 12వ అధ్యాయం దాకా ఆగాలి.

యేసు వాడిన మాట ‘గెహెన్నా’. యెరూషలేముకి దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరది. అక్కడ తోఫెతు అనే చోట కొడుకుల్ని, కూతుళ్లని అగ్నిలో దహించారని యిర్మీయా 7వ అధ్యాయం చెబుతుంది. పసివాళ్లను కాల్చిన లోయ. దేవుడికి అంత అసహ్యమైన చోటు పేరునే యేసు తీర్పుకి గుర్తుగా తీసుకున్నాడు. ఆ మాట కొత్త నిబంధనలో 12 సార్లు వస్తుంది. 11 సార్లు యేసు నోట, ఒక్కసారి యాకోబు పత్రికలో, అదీ నాలుక చేసే చేటు గురించి. పౌలు తన పత్రికల్లో ఒక్కసారి కూడా వాడలేదు. అపొస్తలుల కార్యాల్లో పేతురు, పౌలు చేసిన ప్రసంగాల్లో ఎక్కడా గెహెన్నా లేదు. యేసు ఎవరితో అన్నాడో చూస్తే ఇంకా గుచ్చుకుంటుంది. శిష్యులతో అన్నాడు, శాస్త్రులతో పరిసయ్యులతో అన్నాడు. అంటే దేవుడి గడప లోపల ఉన్నామనుకునే వాళ్లతో. గడప బయట ఉన్న పొరుగువాణ్ని బెదిరించడానికి ఒక్కసారీ వాడలేదు. ఆదరణ కూడికలో మైకు పట్టుకునే ప్రతి ఒక్కరూ ఈ లెక్క తీసుకోవాలని నా మనవి.

ఇక పరలోకం. ఇది మన ఊరికి సంబంధించిన కథ కూడా. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో ఇక్కడే సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1812లో సెరంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యే నాటికి మిషనరీలిద్దరూ కన్నుమూశారు. ఆ పనిని అందుకున్న ప్రిచెట్ అనే మిషనరీ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. మన బైబిల్లో గ్రీకు ‘ఊరానోస్’ ఒక చోట ఆకాశం అయింది, ఇంకో చోట పరలోకం అయింది. పరలోకం అందమైన మాటే. కానీ అందులో ‘పర’ ఉంది. వినగానే మనసు ఇక్కణ్నుంచి ఎక్కడికో ప్రయాణం కడుతుంది. గ్రీకు మాటలో ఆ ప్రయాణం లేదు.

రోజూ చేసే ప్రభువు ప్రార్థననే తీసుకోండి. ‘నీ రాజ్యము వచ్చుగాక’ అంటాం. మమ్మల్ని నీ రాజ్యానికి తీసుకుపో అని ఎప్పుడైనా అన్నామా? వచ్చుగాక. భూమియందును నెరవేరును గాక. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన మాట, అర్థం మాత్రం తలకిందులుగా పట్టుకున్నాం.

ఎత్తబడటం, అంటే యేసు తిరిగి వచ్చేటప్పుడు విశ్వాసుల్ని పైకి తీసుకుపోతాడన్న నమ్మకం గురించి అడగకుండా ఎవరూ వదలరు కాబట్టి అక్కడికే వస్తాను. నాకు బైబిలంతటిలో ఇష్టమైన మాట అక్కడే ఉంది. ఒకటో థెస్సలొనీక 4వ అధ్యాయంలో, ప్రభువును ‘ఎదుర్కొనుటకు’ మేఘాల మీద కొనిపోబడతామని రాశాడు పౌలు. గ్రీకులో ఆ మాట ‘అపాంతేసిస్’. అదే మాట మత్తయి 25లో పదిమంది కన్యకల కథలో ఉంది: పెండ్లికుమారుడు వస్తున్నాడు, ఎదుర్కొన రండి. అపొస్తలుల కార్యాలు 28లోనూ ఉంది: పౌలు వస్తున్నాడని తెలిసి రోమా సహోదరులు అప్పీయా సంతపేట వరకూ ఎదురు వెళ్తారు. ఎదురు వెళ్లినవాళ్లు ఏం చేశారు? పౌలుతో కలిసి రోముకే తిరిగి వచ్చారు. దీనికి తెలుగువాళ్లకు వ్యాఖ్యానం అక్కర్లేదు, మనకి ఎదురుకోలు ఉంది. మగపెళ్లివారు వస్తున్నారంటే ఆడపెళ్లివారు మేళంతో ఊరి పొలిమేర దాకా వెళ్తారు, పానకం ఇస్తారు, పన్నీరు జల్లుతారు, విడిదింటికి తీసుకొస్తారు. పొలిమేర దగ్గర కలుసుకుని, పెళ్లికొడుకు ఎక్కి వచ్చిన బస్సే తామూ ఎక్కి ఆయన ఊరెళ్లిపోయిన ఆడపెళ్లివారు ఎక్కడైనా ఉన్నారా? పెళ్లి జరిగేది ఇక్కడ. ప్రకటన 21లో కొత్త యెరూషలేము కూడా అలంకరించుకున్న పెళ్లికూతురిలా పైనుంచి ‘దిగివచ్చుట’ చూశానంటాడు యోహాను. దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది అని వెంటనే ఒక స్వరం. బైబిలు ముగింపులో జనం ఎక్కిపోవడం లేదు, పట్టణం దిగుతోంది. దాని గుమ్మాలు పగలు మూయరు, రాత్రి అక్కడ ఉండనే ఉండదు.

దీన్ని ఒప్పుకోని వాళ్ల దగ్గరా వచనాలున్నాయి. శిలువ మీద దొంగతో యేసు ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అన్నాడు. వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలని పౌలు ఆశపడ్డాడు. భూమి కాలిపోతుందని రెండో పేతురు పత్రికలో ఉంది. నిజమే. చనిపోయినవాడు ప్రభువు దగ్గర ఉన్నాడని నేనూ నమ్ముతాను. కానీ అది మజిలీ, మంటిలోంచి లేచే రోజు ఇంకా ముందుంది. పేతురు కూడా కాలిపోవడం దగ్గర ఆగలేదు, మూడు వచనాల తర్వాత నీతి నివసించే కొత్త భూమి కోసం ఎదురుచూస్తున్నాం అన్నాడు.

ఇదంతా మాటల పట్టింపు కాదు. ఈ లోకం ఎలాగూ పోయేదే అనుకునేవాడు ఈ గాలి ఎవరు పాడుచేసినా అడగడు. పోర్టు దుమ్ము పాతబస్తీ డాబాల మీద నల్లగా పరుచుకుంటే, ఉదయం ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగితే, మనం కిటికీ వేసుకుని పరలోకం పాటలు పాడుకున్నాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్మింది, 12 మంది పోయారు. ఆ ఊరికోసం మనం ప్రార్థన చేశాం, సంతోషం. ప్రకటన 11వ అధ్యాయం 18వ వచనం మీద ఎంతమంది ప్రసంగించారు? ‘భూమిని నశింపజేయువారిని నశింపజేయుటకు’ సమయం వచ్చిందని అక్కడ రాసి ఉంది. తీర్పు గురించి చెప్పాలనుకునే బోధకుడికి అంతకంటే సూటి వచనం విశాఖలో ఇంకేం కావాలి? ధనవంతుడు, లాజరు ఉపమానంలోనూ అంతే. ఆ ధనవంతుడు ఏం నమ్మాడో యేసు చెప్పలేదు. వాకిట్లో ఒకడు కురుపులతో పడి ఉంటే తాను రోజూ సుఖంగా బతికాడు, అంతవరకే చెప్పాడు. మత్తయి 25లో గొర్రెల్నీ మేకల్నీ వేరుచేసే చోట కూడా అడిగేది అన్నం, నీళ్లు, బట్ట, జబ్బుపడినవాడి పలకరింపు.

కిందటి నవంబరు 2న, సమాధుల పండుగనాడు, జ్ఞానాపురం సమాధుల తోటకి వెళ్లాను. కొత్తగా సున్నం వేసిన సమాధులు, బంతిపూల రేకలు, గాలికి ఆరిపోకుండా మట్టిలో చిన్న గుంట తీసి నిలబెట్టిన కొవ్వొత్తులు. పెద్ద శిలువ కింద, ఏ సమాధీ లేని చోట, ఒకావిడ కొవ్వొత్తి వెలిగించి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది. జాలరిపేట నుంచి వచ్చానంది. “ఎవరమ్మా?” అని అడిగాను. “మా ఇంటాయన. ఏటకెల్లినోడు రానేదు బాబూ. సమాదెక్కడని ఎలిగించను?” అంది.

సముద్రము ఇకను లేదు అని ప్రకటన 21వ అధ్యాయం మొదటి వచనంలో ఉంటుంది. బీచ్ ఒడ్డున పెరిగినవాణ్ని, చిన్నప్పుడు ఆ మాటకి బాధపడేవాణ్ని. దానికి ముందు అధ్యాయంలో ఏముందో ఆరోజు ఆవిడ పక్కన కూర్చుంటే గుర్తొచ్చింది. ఫోన్లో తెలుగు బైబిలు తీసి 20వ అధ్యాయం 13వ వచనం చదివాను. సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను.

ఆవిడ కొవ్వొత్తి మీంచి చేతులు తియ్యకుండానే నా వైపు తిరిగింది. “ఇంకోపాలి సదువు బాబూ” అంది.