సవరణ: ఒలేతా కేసులో శిక్ష దేనికి పడింది?

వలసదారులపై ద్వేషం గురించి మొన్న పెట్టిన పోస్టులో, "అమెరికాలో జాతి ద్వేషంతో మాట్లాడటమే నేరం, ఒలేతా హంతకుడికి రెండోసారి జీవిత ఖైదు పడింది అందుకే" అని రాశాను. అది తప్పు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడాన్ని నేరంగా చూసే మన ఐపీసీ 153ఏ (ఇప్పుడు బీఎన్ఎస్ 196) లాంటి సెక్షన్ అక్కడా ఉంటుందనుకున్నాను.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపారు. "మా దేశం నుంచి పొండి" అని నిందితుడు అరిచాడని సాక్షులు చెప్పారు. 2018లో హత్యకు రాష్ట్ర కోర్టు, విద్వేష నేరానికి ఫెడరల్ (కేంద్ర) కోర్టు జీవిత ఖైదు వేశాయి. కోర్టు వార్తలు, అమెరికా న్యాయశాఖ ప్రకటన మళ్లీ చూస్తే ఆ ఫెడరల్ కేసు కూడా కాల్పుల మీదే. జాతి, పుట్టిన దేశం చూసి కాల్చాడన్నది అభియోగం. అరుపు ఒక్కటే అయితే కేసు నిలబడటం చాలా కష్టం. అక్కడి రాజ్యాంగం మొదటి సవరణ ద్వేషపు మాటలకూ రక్షణ ఇస్తుంది. నిజమైన బెదిరింపు, అప్పటికప్పుడు హింసకు ఉసిగొల్పడం (1969 బ్రాండెన్‌బర్గ్ తీర్పు) లాంటివి మినహాయింపులు. అయితే నేరం చేసినవాడి ఉద్దేశం తేల్చడానికి అతని మాటల్నే సాక్ష్యంగా వాడుకోవచ్చని 1993లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మాటే నేరం కావడం, మాట నేరానికి సాక్ష్యం కావడం, నేను ఈ రెండూ కలిపేశాను.

ఆ రక్షణ ప్రభుత్వం నుంచి మాత్రమే. ఇలా మాట్లాడిన ఉద్యోగిని ప్రైవేటు కంపెనీ తీసేస్తే మొదటి సవరణ అడ్డు రాదు. బ్రిటన్ సంగతి వేరు, జాతి ద్వేషం రెచ్చగొట్టడం అక్కడ 1986 చట్టం ప్రకారం నేరమే. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.