ఒకే దెబ్బకు రెండు పత్రికలు

అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం 2025 డిసెంబరులో విద్యార్థులు నడిపే రెండు పత్రికలను ఆపేసింది. ఒకటి నల్లజాతి విద్యార్థుల జీవితం గురించి రాసే ‘నైన్‌టీన్ ఫిఫ్టీ సిక్స్’. రెండోది ఆడపిల్లల కోసం వచ్చే ‘ఆలిస్’. వివక్ష నిరోధంపై కేంద్ర న్యాయశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారమే ఇలా చేశామని అధికారులు చెప్పారు. తెల్లవారే ఎక్కువగా ఉండే ఆ క్యాంపస్‌లో నల్లజాతి అమ్మాయికి రెండూ ఒకేసారి పోయాయి.

మొదటి పత్రిక పేరు ఊరికే పెట్టింది కాదు. 1956 ఫిబ్రవరిలో ఆథరీన్ లూసీ కోర్టు ఉత్తర్వు సాధించుకుని ఆ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. అక్కడ చేరిన తొలి నల్లజాతి విద్యార్థి ఆమే. మూడో రోజు అల్లరిమూకలు ఆమె వెంటపడి గుడ్లు విసిరాయి, చంపేస్తామని అరిచాయి. సస్పెండ్ చేసింది మాత్రం ఆమెనే. భద్రత కోసమేనట! దానిపై ఆమె కోర్టుకెక్కితే ఏకంగా బహిష్కరించారు. 1988లో ఆ బహిష్కరణ రద్దయింది, 1992లో ఆమె అక్కడే మాస్టర్స్ పూర్తిచేశారు. 2022లో ఓ భవనానికి ఆమె పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా ట్రస్టీలు మొదట తెల్లజాతి దురహంకార మూక కు క్లక్స్ క్లాన్‌కు నాయకుడిగా ఉన్న మాజీ గవర్నర్ పేరు పక్కన దాన్ని చేర్చారు. నలుగురూ తిట్టాకే ఆయన పేరు తీసేశారు.

ఇప్పుడు సీటు ఇవ్వబోమని ఎవరూ అనలేరు. సీటు దొరికాక నాలుగేళ్లు నిలబడటమే కష్టం. 1981లో ప్రిన్స్‌టన్‌లో చేరిన మిషెల్ ఒబామాతో తన కూతురు ఒకే గదిలో ఉండటానికి వీల్లేదని ఓ తల్లి గది మార్పించేందుకు తిరిగింది. పాతకాలం సంగతిలే అని తోసిపుచ్చలేం. 2017లో వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో తొలిసారి ఓ నల్లజాతి అమ్మాయి విద్యార్థి సంఘం అధ్యక్షురాలైతే, ఆమె బాధ్యతలు తీసుకున్న రోజే క్యాంపస్‌లో ఉరితాళ్లకు అరటిపండ్లు వేలాడదీశారు, నల్లవారిని కోతులనీ ఉరితీస్తామనీ చెప్పే అవమానమది. ఇవి వార్తల్లోకెక్కినవి. వార్త కానివే ఎక్కువ: క్లాసులో బానిసత్వం ప్రస్తావన రాగానే తలలన్నీ నల్లజాతి అమ్మాయి వైపు తిరగడం, జుట్టు మీద కామెంట్లు, గట్టిగా మాట్లాడితే ‘ఈమెకు కోపం ఎక్కువ’ అనే ముద్ర. చెప్పుకుందామంటే తనలాంటి ప్రొఫెసర్ ఆ విభాగంలో ఒక్కరైనా ఉంటే అదృష్టమే.

అలాంటప్పుడు ఆమె వెళ్లి కూర్చునేది విద్యార్థి సంఘం గదిలో. వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిచే కార్యక్రమాలకు ప్రభుత్వ కాలేజీలు డబ్బు పెట్టకూడదంటూ 2024లో అలబామా రాష్ట్రం తెచ్చిన చట్టం దెబ్బకు ఆ విశ్వవిద్యాలయంలోని నల్లజాతి విద్యార్థి సంఘం గది మూతపడింది. టెక్సాస్‌లోనూ ఇలాంటి చట్టమే వచ్చింది. మరోవైపు, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, కొత్తగా చేరినవారిలో నల్లజాతివారి వాటా ఎంఐటీలో 13 శాతం నుంచి 5కు, ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో 11 నుంచి 3కు పడిపోయింది. తోడు తగ్గిపోతున్న సమయంలోనే ఆసరా కూడా తీసేస్తున్నారన్నమాట.

అందరికీ ఒకే రూల్ పెడితే అన్యాయం ఏముందని కొందరు అడుగుతారు. ఒక పత్రిక ఎవరి గురించి రాస్తుందన్నది దాని ఇష్టం. అది ఇంకొకరి సీటు లాక్కోవడం లేదు, మార్కులు కోయడం లేదు. దాన్ని వివక్ష అనడం విడ్డూరం.

ప్రవేశాలపై 2023 తీర్పుకు దారితీసిన కేసును హార్వర్డ్‌పై వేసింది ఆసియా సంతతి విద్యార్థుల పేరు చెప్పే. కాబట్టి అక్కడి తెలుగు కుటుంబాలు ఇది తమకు పట్టని గొడవ అనుకోవడానికి లేదు. 1965 వలస చట్టం వచ్చింది నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం వేడిలోనే, మనవాళ్లకు అమెరికా తలుపులు తెరుచుకున్నదీ దానితోనే. ఈరోజు దాదాపు ప్రతి క్యాంపస్‌లో భారతీయ విద్యార్థి సంఘం ఉంది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో దిగిన పిల్లలకు రూమ్ వెతికిపెట్టేది, దీపావళి చేసేది అదే. పై రెండు పత్రికలకు వర్తించిన తర్కం రేపు ఆ సంఘానికి వర్తించదని ఏ డీన్ హామీ ఇవ్వగలరు?