హత్యల లెక్కతో ప్రాసిక్యూటర్‌కు మార్కులు వేయొచ్చా?

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2017లో 315 హత్యలు జరిగాయి. మరుసటి ఏడాది జనవరిలో ల్యారీ క్రాస్నర్ డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్ అయ్యారు. 2021 నాటికి ఆ సంఖ్య 562కి ఎగబాకింది. 2024లో 269కి పడిపోయింది. ఇన్నేళ్లూ కుర్చీలో ఉన్నది ఆయనే. 562 చూపించి దిగిపొమ్మన్నవాళ్లూ, 269 చూపించి జేజేలు కొడుతున్నవాళ్లూ చేస్తున్నది ఒకటే పొరపాటు: హత్యల లెక్కను ఆయన పనితీరుకు అంటగట్టడం.

మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఓటర్లే ఎన్నుకుంటారు. కాలిఫోర్నియాలోనైతే పదవీకాలం మధ్యలో రీకాల్ ఓటుతో ఇంటికి పంపొచ్చు. 2022 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చెసా బూడిన్, 2024 నవంబర్‌లో అలమీడా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పమేలా ప్రైస్ అలాగే డిస్ట్రిక్ట్ అటార్నీ పదవి పోగొట్టుకున్నారు. అలమీడాలోని ఫ్రీమాంట్‌లో ఓటున్న తెలుగువాళ్ల చేతికీ ఆ బ్యాలెట్ వచ్చింది.

ఇంతకీ ఎన్ని నేరాలు ప్రాసిక్యూటర్ బల్ల దాకా వస్తాయి? అమెరికా జాతీయ బాధితుల సర్వే ప్రకారం వంద ఆస్తి నేరాల్లో పోలీసులకు చెప్పేది సుమారు 30. అలా చెప్పినవాటిలో పోలీసులు ఛేదించేది ఏడింట ఒకటి. అంటే నాలుగు! ముతక లెక్కే, కానీ దొంగ దొరకని మిగతా 96లో కేసు పెట్టడానికి ప్రాసిక్యూటర్‌కు నిందితుడే లేడు.

పోలిక లేని శాతాలు ఇంకా మోసం చేస్తాయి. బూడిన్ తొలి ఏడాది 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో హత్యలు 41 నుంచి 48కి పెరిగాయి. 17 శాతం అంటే గుండె గుభేలుమంటుంది, పెరిగింది ఏడు. అదే ఏడాది దేశమంతటా హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి, కఠినమైన ప్రాసిక్యూటర్లు ఉన్న ఊళ్లు సహా. అందుకే ఒక్క ఏడాదిని కాకుండా మూడు నాలుగేళ్ల సగటును, లక్ష జనాభాకు ఎన్ని అనే రేటును, అదే పరిమాణంలో ఉన్న ఇతర నగరాల పక్కన పెట్టి చూడాలి.

నమోదు పద్ధతి మారినా గ్రాఫ్ లేస్తుంది. 2021 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షాపుల్లో దొంగతనాల ఫిర్యాదులు ఒక్కసారిగా దాదాపు రెట్టింపయ్యాయి. ఆరా తీస్తే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ‘టార్గెట్’ అనే దుకాణాల సంస్థకు చెందిన ఒకే ఒక్క స్టోర్ నుంచి వచ్చింది: ఫిర్యాదు చేసే విధానాన్ని ఆ స్టోర్ మార్చుకుంది. ఎఫ్‌బీఐ కొత్త నమోదు వ్యవస్థకు మారిన 2021లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసుల వివరాలే అందులో చేరలేదు. ఆ ఏడాది జాతీయ అంకెల మీద వాదన కట్టేవాళ్లను అనుమానంగానే చూడాలి.

మరి దేన్ని చూడాలి? ప్రాసిక్యూటర్ చేతిలో నిజంగా ఉన్నవాటిని. పోలీసులు తెచ్చిన కేసుల్లో ఎన్నింటిలో అభియోగాలు మోపారు? దీన్ని నేరం రకం వారీగా విడదీయాలి, ముందున్న అటార్నీతో పోల్చాలి. తుపాకీ కేసులనూ చిల్లర దొంగతనాలనూ కలిపేస్తే ఆ సగటుకు అర్థం లేదు. తిరస్కరించినవి సాక్ష్యం చాలకనా, విధానం ప్రకారమా? కేసు తేలడానికి ఎన్ని నెలలు పట్టింది? కోవిడ్‌తో కోర్టులు మూతపడిన 2020ని ఇక్కడ విడిగా చూడక తప్పదు.

శిక్షల శాతాన్ని మాత్రం నమ్మకండి. తేలిగ్గా గెలిచే కేసులే ఎంచుకుంటే ఎవరైనా 90 దాటించొచ్చు. కష్టమైన అత్యాచార కేసు పట్టి ఓడిన ఆఫీసు ఈ కొలతలో సోమరిగా కనిపిస్తుంది.

కేసు పెట్టకుండా వదిలేసినవాళ్లు మళ్లీ నేరం చేశారా అన్నది అసలైన పరీక్ష. బోస్టన్ ఉండే సఫోక్ కౌంటీలో అమాండా అగన్, జెన్నిఫర్ డోలియాక్, అన్నా హార్వీ అనే పరిశోధకులు దీన్ని కొలిచారు. హింస లేని చిన్న నేరాల్లో, ఒక ప్రాసిక్యూటర్ వదిలేసి మరొకరు కేసు పెట్టే సందిగ్ధ కేసులను తీసుకున్నారు. అలా వదిలేసినవాళ్లపై తర్వాతి రెండేళ్లలో కొత్త కేసు పడే అవకాశం సగానికి పైగా తగ్గింది, ముఖ్యంగా తొలిసారి దొరికినవాళ్లలో. అయితే సందిగ్ధంలో ఉన్న ఆ కేసులకే ఇది వర్తిస్తుంది. దీన్ని పట్టుకుని తుపాకీ కేసులూ వదిలేయొచ్చని వాదిస్తే ఆ పరిశోధన ఒప్పుకోదు.