పెళ్లి పేజీకి ఫ్లెక్సీ నీడ

మా బాబాయి దృష్టిలో అక్షరమంటే ఫ్లెక్సీ మీది అక్షరమే. ఎర్రగా ఉండాలి, చుట్టూ పసుపు గీత ఉండాలి, వెనకాల జానెడు నీడ పడాలి. కూతురి పెళ్లికని నేను చేసిపెట్టిన వెబ్ పేజీ చూసి పెదవి విరిచాడు.

"ఏంట్రా, పేర్లు ఇంత చప్పగా ఉన్నాయి? నీడ పెట్టు."

పెట్టాను. పేజీ సోకులన్నీ రాసుకునే స్టైల్ షీట్‌లో, పేర్లుండే హెడ్డింగ్‌కి టెక్స్ట్-షాడో అని ఒక్క లైను. మొదటి అంకె నీడను పక్కకు జరుపుతుంది, రెండోది కిందికి, మూడోది మసక చేస్తుంది, చివర రంగు. 1, 1, 2 పిక్సెళ్లు, లేత బూడిద. ముచ్చటగా ఉంది. అంటే బాబాయికి ఆననంత ముచ్చటగా.

"అంకెలు మార్చడమేగా, ఇటివ్వు" అని లాప్‌టాప్ లాక్కున్నాడు. నేను కాఫీ తాగొచ్చేసరికి ఆ లైను హెడ్డింగ్ లోంచి బాడీలోకి, అంటే పేజీలో కనిపించేదంతా ఉండే పెద్ద డబ్బాలోకి, వలసపోయింది. ఒకట్లు ఐదులయ్యాయి. మసకా లేదు, రంగూ లేదు. మసక చెప్పకపోతే సున్నా కింద లెక్క, రంగు చెప్పకపోతే బ్రౌజర్ అక్షరం రంగునే నీడకీ పూసేస్తుంది. పైగా ఇది పిత్రార్జితం బాపతు: బాడీకి రాసిస్తే లోపలున్న ప్రతి అక్షరానికీ వాటా దక్కుతుంది. ముహూర్తం, మండపం అడ్రసు, భోజనాల వేళ, ఫోన్ నంబర్లు, అన్నిటికీ కవలలు పుట్టాయి.

ఇంగ్లీషైతే ఎలాగో నెట్టుకొచ్చేది. మన వత్తుల కాపురమే కిందాయె. "ముహూర్తం"లో త వత్తు పక్కన ఇంకో త వత్తు చేరి, నోరు తిరగని లగ్నమేదో తయారైంది.

"ఇప్పుడు చూడు, పెళ్లి కళ!" అన్నాడు బాబాయి. అప్పటికే లింకు చుట్టాలందరి వాట్సాప్‌కీ వెళ్లిపోయింది.

గంట తిరక్కుండా పెద్దమ్మ ఫోన్. "నాన్నా, అక్షరాలు ఒకటికి రెండు కనిపిస్తున్నాయిరా. పెళ్లి పెట్టుకుని ఇప్పుడీ శుక్లాలేంటి? కళ్లాసుపత్రిలో ఉన్నా."

చెప్పబోయేలోగా లోపలికి పిలిచారని పెట్టేసింది. ఆ లైను నేను మళ్లీ హెడ్డింగ్‌కి చేర్చి, పాత అంకెలే వేసి సేవ్ చేశాను. సాయంత్రం మళ్లీ ఫోన్.

"డాక్టరు కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు గానీ, నేనే అడిగి చుక్కల మందు రాయించుకున్నా. రెండు చుక్కలకే అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తున్నాయిరా!"

స్పీకర్‌లో వింటున్న బాబాయి కళ్లు మెరిశాయి. "వదినకి నయమైందిగా. ఇంక ఆ నీడ మళ్లీ పెట్టెయ్."