మేడ మీద ఒక్క గది వేసుకోవడం ఇంత కష్టమా?

పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని మేడ మీద ఒక గది వేద్దామంటే, మేస్త్రీ చదరపు అడుగుకి ఇంత అని చెప్పి అడ్వాన్సు తీసుకుంటాడు, తీరా స్లాబ్ దగ్గరికి వచ్చేసరికి సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే అచ్చు) వేరు, కరెంటు పైపులు వేరు, మెట్లు వేరు అంటాడు. ముందే చెప్పొచ్చు కదా! ఆంధ్రాలో 2024 నుంచి ఇసుక ఉచితమే, మరి లోడింగు, లారీ కిరాయి ఎవరు కడతారు? సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మిగిలిందంతా ఈ 'వేరు'లకే పోయింది. పైగా పని సగంలో వదిలేసి ఇంకో సైటుకి పోతారు, ఫోన్ ఎత్తరు, బయట వదిలేసిన చువ్వలు వానకి తుప్పు పడుతుంటాయి. ఏమేం కలిపి ఎంతో కాగితం మీద రాసివ్వమంటే, నమ్మకం లేదా అని కోపం! చీటీ పాడి తెచ్చిన డబ్బండీ అది.