బడి కమిటీల ఏకగ్రీవంపై తిరుగుతున్న సందేశానికి జవాబు

హైదరాబాద్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీకి పోటీ లేకుండా ఎన్నిక జరిగిందంటే ఆ బస్తీ అంతా ఒక్క మాట మీద ఉన్నట్టేననీ, పోటీ పెడితే డబ్బూ సమయమూ దండగై బడిలోకి పార్టీలు చొరబడతాయనీ, కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులకు ఇలాంటి వాటి మీద ఎలాగూ ఆసక్తి ఉండదనీ, ఏ అధికారమూ లేని కమిటీలో ఎవరున్నా ఒకటేననీ, అమెరికాలో సైతం బడులను నడిపే స్కూల్ బోర్డులు ఇలాగే నిండుతున్నాయనీ దాని సారాంశం. ఇందులో ఒకటి రెండు మాటల్లో కొంత నిజం ఉంది కానీ, వాటిని ఆసరా చేసుకుని ఇచ్చిన తీర్పు మాత్రం నిలిచేది కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులు మినహా ప్రతి పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. మన రాష్ట్ర నిబంధనల్లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఆ తరగతి పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకుంటారు, అలా ఎన్నికైన వారు తమలోంచి చైర్‌పర్సన్‌నూ వైస్ చైర్‌పర్సన్‌నూ ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయులు మెంబర్ కన్వీనర్‌గా ఉంటారు. అంటే పోటీ ఉంటుందనే ఊహతోనే ఈ ఏర్పాటు జరిగింది.

పోటీ లేదంటే అందరూ ఒప్పుకున్నట్టేనన్నది సందేశంలోని మొదటి వాదన, అన్నిటికన్నా బలంగా పనిచేస్తున్నది కూడా ఇదే. పోటీ లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, సమ్మతి అందులో ఒకటి మాత్రమే. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానంలో ప్రతిపాదకుల సంతకాల వివాదంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్‌ను తిరస్కరించారు, మిగిలిన అభ్యర్థులు బరిలోంచి తప్పుకున్నారు, దాంతో బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఒక్క ఓటూ పడకుండానే ఎన్నికయ్యారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) సెక్షన్ అందుకు వీలు కల్పిస్తోంది, కాబట్టి చట్టరీత్యా ఆ ఎన్నిక చెల్లుతుంది. కానీ సూరత్ ఓటర్లంతా ఆయనకు సమ్మతి తెలిపారని ఎవరైనా అనగలరా? 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటాను, అంటే ‘పైవారెవరూ కాదు’ అనే మీటను, నొక్కే అవకాశం కూడా వారికి దక్కలేదు. ఆ సెక్షన్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్ లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే.

పంచాయతీల్లో అయితే ఏకగ్రీవానికి నగదు ఆశ కూడా తోడవుతుంది. 2019 పంచాయతీ ఎన్నికలకు ముందు ఏకగ్రీవ పంచాయతీకి 10 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. సర్పంచి పదవికి వేలం పాటలు జరిగిన వార్తలు ప్రతి పంచాయతీ ఎన్నికల్లోనూ వస్తూనే ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల సంఘం చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాల ప్రకటనను కొన్నాళ్లు ఆపి నివేదికలు తెప్పించుకుంది. ఏకగ్రీవం తనంతట తానే సమ్మతికి రుజువైతే ఆ నివేదికల అవసరమే ఉండేది కాదు.

బడిలో వేలం పాటలు ఉండవు, నిజమే. అక్కడ జరిగేది ఇంకా సాదాగా ఉంటుంది. కొన్ని బడుల మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల వివరాలు రాసే పుస్తకం, తెరిచి చూస్తే పేజీ మొత్తం ఒకే చేతిరాతలో ఉంటుంది, సభ్యుల పేర్లు వరసగా ఉంటాయి, చివర ‘చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అనే ఒక్క వాక్యం ఉంటుంది, దాని కింద సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. ఎవరెవరి పేర్లు ప్రతిపాదనకు వచ్చాయో, ఎవరు వద్దన్నారో, ఆ గదిలో ఎంతమంది కూర్చున్నారో ఆ వాక్యం చెప్పదు. ఎన్నిక చెల్లాలంటే తరగతి తల్లిదండ్రుల్లో కనీసం సగం మంది హాజరు కావాలన్నది నిబంధన. హాజరు చాలనప్పుడు మర్నాడు పిల్లల్ని దింపడానికి గేటు దగ్గరికి వచ్చిన తల్లితో ‘ఇక్కడో సంతకం పెట్టి పోమ్మా’ అంటే ఆమె దేనికని అడగకుండానే పెడుతుంది. ఇందుకు ప్రధానోపాధ్యాయులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. పై నుంచి ఇచ్చిన గడువులోగా ప్రతి తరగతికీ ముగ్గురిని, అందులోనూ మహిళలకూ బలహీన వర్గాలకూ ఉండాల్సిన చోటు తప్పకుండా, ఎంపిక చేసి ఆన్‌లైన్‌లో వివరాలు నింపాల్సిన భారం వారిదే. అలాంటప్పుడు పిలిస్తే వచ్చే తల్లిదండ్రుల పేర్లు ముందే రాసుకోవడం సహజం. సహజమైనంత మాత్రాన అది ఎన్నిక అయిపోదు.

ఖర్చు ఆదా అన్న రెండో వాదనకు జవాబు రెండు వాక్యాలు చాలు. ఈ ఎన్నికకు పోలింగ్ కేంద్రాలూ యంత్రాలూ అక్కర్లేదు, చేతులెత్తి చెప్పవచ్చు, భేదాభిప్రాయం వస్తే కాగితం ముక్కల మీద రహస్యంగా ఓటు వేయవచ్చు. పోటీ మానుకుంటే ఆదా అయ్యేది ఒక పూట సమయం, ఆ పూటే ఆ బడి తల్లిదండ్రులు ఒకరినొకరు చూసుకునే అరుదైన సందర్భం.

పోటీ లేకపోతే రాజకీయాలు రావన్నది మూడో మాట. స్థానిక కార్పొరేటర్‌కు ఈ కమిటీలో చట్టమే చోటిచ్చింది కాబట్టి రాజకీయం బడి గేటు బయట ఆగిపోతుందనుకోవడం అమాయకత్వం. పోటీ ఉన్నప్పుడు ఏ పేరు ఎవరి వైపు నుంచి వచ్చిందో నలుగురికీ తెలుస్తుంది. పోటీ లేనప్పుడు ఆ ఎంపిక ముందు రోజు ఫోన్‌లోనే ముగిసిపోతుంది, దాన్ని ప్రశ్నించే వీలు ఎవరికీ మిగలదు.

ఇక తల్లిదండ్రుల ఆసక్తి గురించి. సందేశంలో నాకు కోపం తెప్పించిన మాట ఇదే. హైదరాబాద్ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో తెల్లవారకముందే రోడ్లు ఊడ్చడానికి వెళ్లే పారిశుధ్య కార్మికులున్నారు, అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే పనికి చేరాల్సిన ఆడవాళ్లున్నారు, ఎనిమిది గంటలకల్లా అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోగొట్టుకునేవాళ్లున్నారు. వారిని పనిరోజు పొద్దున పది గంటలకు సమావేశానికి పిలిచి, రాలేదు కాబట్టి ఆసక్తి లేదని తేల్చడం ఎలాంటి లెక్క? పాలమూరు నుంచో ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలు ఏడాది మధ్యలో ఇల్లు మారితే పిల్లల బడి కూడా మారుతుంది, వారికి పొరుగు తల్లిదండ్రుల పేర్లు కూడా తెలిసి ఉండవు. పాతబస్తీలో ఉర్దూ మీడియం పిల్లలున్న బడిలో నోటీసు తెలుగులో మాత్రమే అంటిస్తే ఆ తల్లిదండ్రులకు ఎన్నిక ఉన్నట్టే తెలియదు. 2019 నవంబరులో ఎన్నికైన కమిటీల రెండేళ్ల గడువు 2021లో ముగిసినా పొడిగింపుల మీదే నడిచి, కొత్త ఎన్నికలు 2024 జనవరిలో గానీ జరగలేదు. ఈ మధ్యలో బడిలో చేరి, ఆ ఎన్నికలకు ముందే అక్కడి చదువు పూర్తి చేసి వెళ్లిపోయిన పిల్లల తల్లిదండ్రులకు ఒక్కసారి కూడా చేయి ఎత్తే అవకాశం రాలేదు. వారికి ఆసక్తి లేదని ఎలా చెప్పగలం?

కమిటీకి అధికారం లేదన్న ఐదో వాదన సగం నిజం. ఉపాధ్యాయుల్ని నియమించే, బదిలీ చేసే హక్కు దానికి లేదు. అయితే బడి పనితీరును పర్యవేక్షించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చును గమనించడం చట్టం దానికి అప్పగించిన పనులు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 251 నుంచి 1000 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 75 వేల రూపాయల గ్రాంటుకు అవకాశం ఉంది, అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేని బడిలో ఈ లెక్క అడగడం చిన్న పని కాదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వారానికి మూడుసార్లు పడుతోందో లేదో చూసేదీ ఈ తల్లిదండ్రులే. 2022లో ప్రారంభమైన మన ఊరు-మన బడి, నగరంలో మన బస్తీ-మన బడి, అనే బడుల బాగుచేత కార్యక్రమంలో పనులు చేయించే బాధ్యత కూడా ఈ కమిటీల మీదే పడింది. బిల్లులు రాక, అప్పులు తెచ్చి పనులు చేయించిన చైర్మన్లు ఆందోళనలకు దిగిన వార్తలు చాలా జిల్లాల నుంచి వచ్చాయి. ఆ తర్వాత పోటీకి ఎవరూ ముందుకు రాని బడులుంటే, దానికి అనైక్యతా ఐక్యతా రెండూ కారణం కాదు, భయం కారణం. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి, స్వయం సహాయక సంఘాల సమాఖ్య అధ్యక్షురాలి ఆధ్వర్యంలో మరమ్మతుల పనులు వాటి చేతికి వెళ్లాయి. ఆ అధ్యక్షురాలిని ఎన్నుకునేది ఆ బడి తల్లిదండ్రులు కాదు. కమిటీ బలహీనపడిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. బలహీనపడిన కమిటీకి ఎన్నిక కూడా వద్దనడం ఏ తర్కమో మాత్రం అర్థం కావడం లేదు.

చివరిది అమెరికా పోలిక. అక్కడ పోటీ లేని స్కూల్ బోర్డు స్థానాలు చాలా ఉన్న మాట వాస్తవం. టెక్సాస్‌లో అలాంటి ఎన్నికను రద్దు చేసి అభ్యర్థులను ఎన్నికైనట్టు ప్రకటించే వీలుంది. అయితే అక్కడ నామినేషన్ల గడువు ఎన్నికకు రెండు నెలల పైన ముందే, అందరికీ తెలిసేలా ముగుస్తుంది. కాలిఫోర్నియాలో నామినేషన్లు ఎన్నికకు 88 రోజుల ముందు ముగుస్తాయి, అప్పటికి పదవిలో ఉన్న సభ్యులు నామినేషన్ వేయకపోతే ఇతరులకు మరో ఐదు రోజులు ఇస్తారు. పోటీ లేకపోయినా ఓటింగ్ జరగాల్సిందేనని 10 శాతం ఓటర్లు గానీ 50 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది, సంతకాలు చేసి కోరితే ఎన్నిక జరపాలని అక్కడి విద్యా చట్టం చెబుతుంది. పైగా ఆ బోర్డులు తమ జిల్లా బడుల బడ్జెట్‌ను ఆమోదిస్తాయి, ఆ బడులన్నిటినీ నడిపే అధికారి అయిన సూపరింటెండెంట్‌ను నియమిస్తాయి. మన కమిటీతో పోల్చాలంటే ఇవన్నీ కలిపి పోల్చాలి, నచ్చిన ముక్క తెంపుకుని కాదు.

ఏకగ్రీవమైన ప్రతి బడిలోనూ మోసం జరిగిందని నేను అనడం లేదు. అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒక మంచి పేరు మీద కుదిరిన బడులు తప్పక ఉంటాయి. వాటిని మిగతా వాటి నుంచి వేరు చేసి చూడడానికి కావలసింది పెద్దగా ఏమీ లేదు: సమావేశం ఆదివారం గానీ సాయంత్రం గానీ పెట్టడం, నోటీసును ఆ బడిలో ఉన్న మాధ్యమాలన్నిటిలో వారం ముందు అంటించడం, మినిట్స్‌లో తరగతివారీగా మొత్తం తల్లిదండ్రులెందరో, హాజరైనవారెందరో, ప్రతిపాదనకు వచ్చిన పేర్లేమిటో రాయడం. సమాచార హక్కు చట్టం కింద ఆ పేజీ నకలును ఎవరైనా అడగవచ్చు. సందేశాన్ని ముందుకు పంపేవారు తమ బడి పేజీ తెప్పించి ఆ మూడు వివరాలూ అందులో చూపించగలిగితే, ఆ ఒక్క బడి విషయంలో వారి మాటను నేనూ ఒప్పుకుంటాను.