నెల్లూరు అదృష్టం, ప్రకాశం ఖర్మ అంటారా?

వాట్సాప్‌లో ఈమధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది, కింద దండాల బొమ్మలతో సహా. సారాంశం ఇది: "నెల్లూరుకు పెన్నా ఉంది, రేవు ఉంది, బాగుపడింది. ప్రకాశానికి ఎండా రాళ్లూ తప్ప ఏమున్నాయి? జిల్లాల లెక్కలు చూస్తే తెలియడం లేదా? రాయి ఉంది కాబట్టి చీమకుర్తిలో ఫ్యాక్టరీలన్నా వచ్చాయి. ఏ ఊరైనా పొలం నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్ణుంచి ఆఫీసుకి మెట్టుమెట్టుగా ఎక్కాల్సిందే."

ముందు పెన్నా సంగతి. కర్ణాటకలో పుట్టి అనంతపురం, కడప దాటి వచ్చే ఈ నదిలో ఏడాదిలో చాలా రోజులు కనిపించేది ఇసుకే. 19వ శతాబ్దంలో నెల్లూరు దగ్గర, సంగం దగ్గర ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వాకే డెల్టాలో వరి నిలకడగా పండింది. తర్వాత సోమశిలలో 78 టీఎంసీలు పట్టే డ్యాం వచ్చింది. 2022లో నెల్లూరు, సంగం రెండుచోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. అదే జిల్లాలో ఉదయగిరి వైపు మెట్టకు వెళ్లి చూడండి, ప్రకాశం వైపు కనిగిరికీ దానికీ తేడా చెప్పడం కష్టం. పెన్నా ఉన్న జిల్లాయే కదా, మరి ఆ అదృష్టం అక్కడిదాకా ఎందుకు పోలేదు?

ప్రకాశంలో వాన తక్కువే, కాదనను. కానీ సాగర్ కుడి కాలువ అందిన దర్శి పొలాల్లో వరి పండింది. సాగర్‌కు 1955లో శంకుస్థాపన చేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. శ్రీశైలం వరద నీటిలో 43.5 టీఎంసీలను ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాల గుండా తెచ్చి మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలకు ఇవ్వాలన్నది పథకం. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. నిర్వాసితుల పునరావాసం అప్పటికీ తేలలేదు. ఈలోపు కనిగిరి పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లే తాగారు. ఈ ఆలస్యాన్ని ఎండ మీదికి నెట్టడం అన్యాయం.

ప్రకృతే అన్నీ నిర్ణయిస్తుందనే మాటను భూగోళ పాఠాల్లో నియతివాదం అంటారు. ప్రకృతి అవకాశాలిస్తుంది, ఏది వాడుకోవాలో మనుషులు ఎంచుకుంటారని ఫ్రాన్స్ భూగోళ శాస్త్రవేత్త విడాల్ ద లా బ్లాష్ వందేళ్ల కిందటే చెప్పాడు. వాట్సాప్‌కి ఆ కబురింకా చేరినట్టు లేదు.

ఇక జిల్లాల లెక్కలు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా ఒక ముక్క తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే! 2022లో చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లకు పోయాయి, కందుకూరు నెల్లూరుకు వెళ్లింది, సూళ్లూరుపేట తిరుపతిలో కలిసింది. జిల్లా సరిహద్దు గీత పక్కకు జరిగితే ఒక్క రైతు ఆదాయం మారకపోయినా జిల్లా సగటు మారిపోతుంది. అలాంటి సగటు పట్టుకుని ఊళ్ల జాతకం చెబుతున్నారు.

రాయి మాటకు వద్దాం. ముడిసరుకు తయారీలో బరువు కోల్పోయేదైతే ఫ్యాక్టరీ దాని దగ్గరే పెడితే రవాణా ఖర్చు కలిసొస్తుందని 1909లో జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ రాశాడు. ఆ లెక్కన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, అదే బంగారు చుక్కల నల్లరాయి, అక్కడే పలకలుగా కోసి పాలిష్ పట్టాక ఓడెక్కాలి. కోత యూనిట్లు ఉన్నాయి, నిజమే. కానీ ఏళ్ల తరబడి పెద్దపెద్ద దిమ్మెలు లారీల్లో రేవులకు, అక్కణ్ణుంచి చైనాకు పోతూనే ఉన్నాయి. రాయి మనదే అయినా యంత్రాలకు పెట్టుబడి, చవగ్గా కరెంటు, కొనేవాళ్లతో నేరు సంబంధాలు ఎవరి దగ్గర ఉంటే కోత లాభం వాళ్లది. గూడూరు వైపు అభ్రకం గనులదీ ఇలాంటి కథే: తవ్వినన్నాళ్లూ కూలి దొరికింది, బయట గిరాకీ పడిపోయాక చాలా గనులు మూతపడ్డాయి.

దీనికి తిరగేసిన ఉదాహరణ ముత్తుకూరు మండలం పంటపాలెం. అక్కడి వంటనూనె ఫ్యాక్టరీలు పామాయిల్ తోటలను చూసి రాలేదు. ఇండోనేషియా, మలేషియాల ముడి నూనె కృష్ణపట్నం రేవులో దిగుతుంది, ఓడలోంచి లారీకి మారే చోటే శుద్ధి చేస్తే ఒక రవాణా మిగులుతుంది. ఆ రేవు కూడా సముద్రం ఉన్నంత మాత్రాన రాలేదు. ఓడలొచ్చే కాలువ లోతుగా తవ్వి, రైలు వేసి, 2008లో ఓడలకు తెరిచారు.

సందేశంలోని మెట్ల సిద్ధాంతం అమెరికన్ ఆర్థికవేత్త వాల్ట్ రోస్టో 1960లో రాసినదానికి నకలు. మన రొయ్యల ఊళ్లు ఆ మెట్ల వరస ఎప్పుడో తప్పాయి. లాటిన్ అమెరికా రకం రొయ్య వెనామీకి 2009లో అనుమతి వచ్చింది. ఇప్పుడు తీరంలో రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ, చెరువు, మేత గోడౌన్, ఆడవాళ్లు రొయ్య తలలు తీసే షెడ్డు, ఎగుమతి కాగితాలు చూసే ఆఫీసు అన్నీ కొద్ది మైళ్లలోనే ఉంటాయి. ఒకే ఇంట్లో తండ్రి చెరువు కాపలా, తల్లి షెడ్డులో, కొడుకు ఆ ఆఫీసులో. వీళ్లు ఏ మెట్టు మీదున్నారో సందేశం పంపినవాళ్లే చెప్పాలి.